డీన్ చచ్చిపోయిన తీరు, ధర్మరాజు చెప్పిన కారణాలు



స్వర్గారోహణ పర్వం వీడియోలో ఒక అమెరికన్ సీరియల్ పేరెత్తి, టైమ్ చాలక మధ్యలోనే వదిలేశాను. మిగతాది రాసి పెడతానని మాటిచ్చాను కాబట్టి ఈ పోస్టు. సీరియల్ పేరు సూపర్‌నేచురల్. ముందే చెబుతున్నా, క్లైమాక్స్ మొత్తం చెప్పేస్తాను. ఇంకా చూస్తున్నవాళ్ళు ఉంటే దీన్ని పక్కన పెట్టి, అయిపోయాక రండి. 327 ఎపిసోడ్లు కాబట్టి కాస్త లేటవుతుంది, పర్లేదు.

అసలు చూడనివాళ్ళ కోసం కొంచెం కథ. 2005 సెప్టెంబరులో మొదలై, 2020 నవంబరు 19న ముగిసింది. మొత్తం 15 సీజన్లు. డీన్, సామ్ అని ఇద్దరు అన్నదమ్ములు. చిన్నప్పుడే తల్లిని ఒక పిశాచం చంపేస్తే, తండ్రి ఆ కసితో పిల్లలిద్దరినీ వేటగాళ్ళుగా పెంచుతాడు. జంతువుల్ని కాదు, దెయ్యాల్నీ రక్తపిశాచాల్నీ వేటాడతారు. 1967 నాటి షెవర్లే ఇంపాలా కారులో ఊరూరూ తిరుగుతారు. జీతం లేదు, పేరు లేదు, ఒక ఇల్లంటూ లేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ ప్రాణాలు కాపాడటమే పని. తమ్ముడు చచ్చిపోతే అన్న తన ఆత్మని తాకట్టు పెట్టి బతికించుకుంటాడు, ఏడాది గడువు తీరగానే నరకానికి పోతాడు. అక్కణ్ణించి క్యాస్టియల్ అనే దేవదూత వచ్చి పైకి లాగుతాడు. ఇలా ఒకరి కోసం ఒకరు చావడం, మళ్ళీ లేవడం ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టడం నేనైతే మానేశాను.

మనవాళ్ళు కొందరు "మన దేవుళ్ళని అవమానించిన సీరియల్ గురించి మీరు మాట్లాడటమేంటి" అని అడుగుతారని తెలుసు. ఐదో సీజన్లో ఒక ఎపిసోడ్ ఉంది, నిజమే. వేరే వేరే మతాల దేవుళ్ళందరూ ఒక హోటల్లో కలుస్తారు, అందులో కాళి, వినాయకుడు కూడా ఉంటారు. లూసిఫర్ వచ్చి వినాయకుడితో సహా చాలామందిని చంపేస్తాడు. అది చూసి నాకు ఒళ్ళు మండి రెండు నెలలు ఆ సీరియల్ ముట్టుకోలేదు. ఇప్పటికీ ఆ ఎపిసోడ్ మీద నా అభిప్రాయం మారలేదు. కానీ ఈ రోజు మాట్లాడాలనుకుంటున్నది దాని గురించి కాదు.

చివరి సీజన్లో విలన్ ఎవరో తెలుసా? దేవుడు. ఆ కథలో ఆయన పేరు చక్, వృత్తి రచయిత. ఈ అన్నదమ్ముల కష్టాలన్నీ ఆయన రాసుకున్న స్క్రిప్టే అని తెలుస్తుంది. ఎన్నో లోకాలు సృష్టించాడు, నచ్చనివి చిత్తుప్రతుల్లాగా చెరిపేశాడు. ఈ ఇద్దరి కథ మాత్రం ఆయనకి మహా ఇష్టం. అన్న తమ్ముణ్ణో, తమ్ముడు అన్ననో చంపితే అది అద్భుతమైన ముగింపు అని ఆయన పట్టుదల. వాళ్ళు మాత్రం ఒప్పుకోరు. చివరి ముందు ఎపిసోడ్లో ఆయన శక్తి అంతా పోగొట్టి, చంపకుండా, మామూలు మనిషిగా ముసలివాడై పొమ్మని వదిలేస్తారు. ఆయన స్థానంలోకి జాక్ అనే కుర్రాడు వస్తాడు. వాళ్ళు కొడుకులా పెంచుకున్నవాడే. నేను ఎవరి జీవితంలోనూ చేయి పెట్టను, ప్రతి వాన చినుకులో, ప్రతి రేణువులో ఉంటాను, అంతే అనే అర్థం వచ్చేలా చెప్పి వెళ్ళిపోతాడు. మన అంతర్యామి మాటకి ఇది దగ్గరి చుట్టం అనిపించింది నాకు. వేదాంతం అనను, ఏదో దూరపు వరస అయితే ఉంది.

సరే, ఇక రచయిత లేడు. స్క్రిప్టు లేదు. జీవితంలో మొదటిసారి వాళ్ళు స్వతంత్రులు. ఫినాలే మొదలవ్వగానే డీన్ మంచం మీదకి ఒక కుక్క ఎక్కుతుంది. దాని పేరు మిరకిల్. ఇద్దరూ కలిసి రకరకాల పైలు అమ్మే జాతరకి వెళ్తారు. ఒక పాత కేసు తగుల్తుంది, పిల్లల్ని ఎత్తుకుపోయే రక్తపిశాచాలు. 15 ఏళ్ళలో ఇలాంటివి వాళ్ళకి కొట్టినపిండి. ఒక పాత కొట్టంలో కొట్లాట. డీన్‌ని ఎవరో వెనక్కి తోస్తారు. అక్కడ స్తంభానికి పొడుచుకొచ్చి ఉన్న తుప్పు పట్టిన ఇనుప చువ్వ వీపులో దిగిపోతుంది.

అంతే. నరకాన్ని చూసొచ్చినవాడు, సాక్షాత్తూ దేవుణ్ణి ఓడించినవాడు, ఇనుప చువ్వ గుచ్చుకుని పోయాడు.

ఆ రాత్రి నుంచి ఫ్యాన్స్ కొట్టుకుంటూనే ఉన్నారు. ఏళ్ళు గడిచినా ఆ వేడి తగ్గలేదు. సామ్ ముసలివాడయ్యాక పెట్టిన విగ్గు గురించి, వెనకాల మసగ్గా మాత్రమే కనిపించే అతని భార్య గురించి జోకులు సరే సరి. క్యాస్టియల్ తన ప్రేమని చెప్పి రెండు ఎపిసోడ్ల ముందే పోతే, ఆఖర్లో ఒక్కసారైనా చూపించలేదని ఇంకో వర్గానికి తీరని బాధ. కోవిడ్ వల్ల 2020 మార్చిలో ఇంకా రెండు ఎపిసోడ్లు ఉండగానే షూటింగ్ ఆగిపోయి, కొన్ని నెలల తర్వాత జాగ్రత్తల మధ్య మళ్ళీ మొదలైంది, అందుకే స్వర్గంలో పెద్దగా జనం లేరు అని కొందరు సర్దిచెబుతారు. డీన్ పాత్ర చేసిన జెన్సన్ యాకిల్స్‌కే మొదట ఈ ముగింపు మింగుడు పడలేదట, తర్వాత సీరియల్ సృష్టికర్త ఎరిక్ క్రిప్కీతో మాట్లాడాక కుదుటపడ్డానని ఆయనే చెప్పాడు.

అసలు గొడవ మాత్రం ఒక్కటే. ఒక పక్షం అంటుంది: "ఇంతమందిని కాపాడినవాడికి ఇలాంటి చావా? స్వేచ్ఛ కోసం పోరాడినవాడు స్వేచ్ఛ వచ్చిన కొద్దిరోజులకే ఇలా పోతే, అంత పోరాటం దేనికి?" రెండో పక్షం అంటుంది: "రాసేవాడు లేకపోవడం అంటే ఇదే. గొప్ప చావు కావాలంటే చక్ రాసిపెట్టేవాడు. స్క్రిప్టు లేని చోట మనిషి అందరిలాగే పోతాడు."

మొదట చూసినప్పుడు నేను రెండో పక్షం. తర్కం బాగుంది కదా. ఆరు నెలలు తిరిగేసరికి ఆ తర్కం నాకు ఎందుకూ పనికిరాలేదు.

2021 మే నెలలో మా బాబాయ్ పోయాడు. రాజమండ్రిలో ఉండేవాడు. ఆయన పెద్ద భక్తుడేం కాదు, మన వీడియోలు కూడా మొహమాటానికి చూసేవాడు. కానీ వాళ్ళ వీధిలో ఎవరు పోయినా మొదటి ఫోన్ ఆయనకే వెళ్ళేది. వెదురుబొంగులు, కొత్త కుండ, తెల్లగుడ్డ ఎక్కడ దొరుకుతాయో ఆయనకి తెలుసు. పురోహితుణ్ణి ఎవర్ని పిలవాలో, కట్టెలకి ఎంత ఇవ్వాలో తెలుసు. చుట్టాలు లేనివాళ్ళకి నాలుగో భుజం ఆయనదే. కులం అడిగేవాడు కాదు. ఎన్ని పాడెలు మోశాడో ఆయనకే తెలీదు.

ఆయన పోయినప్పుడు మోయడానికి నలుగురు లేరు. సెకండ్ వేవ్ రోజులు ఎలా ఉండేవో మీ ఇళ్ళల్లోనూ తెలిసే ఉంటుంది. ఆసుపత్రి నుంచి సంచిలో కట్టి నేరుగా శ్మశానానికి. మా తమ్ముడు ఒక్కడే, పీపీఈ కిట్ వేసుకుని, దూరంగా. నేను హైదరాబాద్‌లో, ఫోన్లో వీడియో కాల్ ముందు. మధ్యలో సిగ్నల్ పోయింది. మళ్ళీ కలిసేసరికి అంతా అయిపోయింది.

పదకొండో రోజు దాటాక పిన్నితో మాట్లాడుతుంటే ఆవిడ అడిగింది: "అంతమందిని మోశారు కదరా, ఆయనకి నలుగురు లేకపోయారేంటి?" ఆ లైన్లో వేరే చుట్టం ఒకరు ఉన్నారు. "ఏ జన్మలో ఏం చేసుకున్నాడో" అన్నారు. నేనేం చేశానో తెలుసా? కర్మ గురించి అప్పటికే డజను వీడియోలు చేసినవాణ్ణి కదా. "ప్రారబ్ధం పిన్నీ, ఎవరూ తప్పించలేరు" అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత చాలాకాలం నాతో క్షేమ సమాచారాలు తప్ప ఏమీ మాట్లాడలేదు.

నేను చెప్పింది సిద్ధాంతం ప్రకారం తప్పా? తప్పు కాదు. మరి ఏమైంది? ఆ ఫోన్ తర్వాత నేను భారతం చివరి పర్వాలు మళ్ళీ తీశాను. విరాటపర్వం నుంచి స్వర్గారోహణ దాకా 15 పర్వాలు తిక్కనగారు తెలుగు చేశారు. మనకీ 15 సీజన్లున్నాయన్నమాట, ఫినాలేతో సహా! ఆ ఫినాలే మీద ఫ్యాన్స్ ఎంత కొట్టుకోవాలో అంత కొట్టుకోదగ్గ సరుకు అందులో ఉంది, మనమే భక్తితో నోరు మూసుకుని చదివేస్తాం.

ముందు మౌసల పర్వం. కురుక్షేత్రం అయిన 36 ఏళ్ళకి యాదవులు తాగి, తుంగ గడ్డి తీసుకుని ఒకరినొకరు కొట్టుకుని చస్తారు. కృష్ణుడు అడవిలో పడుకుని ఉంటే, జర అనే వేటగాడు జింక అనుకుని బాణం వేస్తాడు. పాదంలో దిగుతుంది. అవతారపురుషుడి కథకి ఇదీ ముగింపు. గుజరాత్‌లో సోమనాథ్ దగ్గర భాల్కా తీర్థం అని ఆ చోటు చూపిస్తారు, వెళ్ళినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. గాంధారి శాపం ఉంది కదా అంటారు. ఉంది. కానీ ఆ శాపం విన్నప్పుడు కృష్ణుడు నవ్వి ఒప్పుకున్నాడు తప్ప అది తన తప్పుకి శిక్ష అని అనుకోలేదు. కృష్ణుడు బాణం తగిలి పోయాడు కాబట్టి ఆయన చేసినవి గొప్ప పనులు కావు అని మనలో ఎవరైనా అంటామా? చువ్వ గుచ్చుకుని డీన్ పోతే మాత్రం ఆ 15 ఏళ్ళూ వృథా అంటున్నాం.

తర్వాత మహాప్రస్థానం. నన్ను పట్టుకుని వదలనిది ఇదే. పాండవులు, ద్రౌపది, వాళ్ళ వెంట ఒక కుక్క. హిమాలయాల్లోకి నడుస్తున్నారు. ముందు ద్రౌపది పడిపోతుంది. భీముడు అడుగుతాడు, ఏ తప్పూ చెయ్యని ఈమె ఎందుకు పడిపోయింది అని. ధర్మరాజు వెనక్కి తిరిగి చూడకుండా కారణం చెబుతాడు: అర్జునుడంటే పక్షపాతం. సహదేవుడు పడతాడు: తెలివి ఉందని గర్వం. నకులుడు: అందం. అర్జునుడు: ఒక్కరోజులో శత్రువులందర్నీ చంపేస్తానని చెప్పి చెయ్యలేదు. ఆఖరికి భీముడు పడిపోతూ, నేనెందుకు పడ్డానో కూడా చెప్పమంటాడు. తిండి ఎక్కువ, బలం గురించి గొప్పలు ఎక్కువ. ఇంత చెప్పి ధర్మరాజు నడుచుకుంటూ పోతాడు.

ఒక్కసారి ఆ దృశ్యం ఊహించుకోండి. మంచులో తమ్ముడు పడి ఉన్నాడు. అన్న కారణం చెప్పి ముందుకెళ్ళిపోయాడు. మన చానెల్‌లోనే నేను ఇది స్థితప్రజ్ఞత అని చెప్పాను. ఎంతో వైరాగ్యం ఉంటే తప్ప అలా నడవలేడు అన్నాను. అది పూర్తిగా తప్పు అనట్లేదు. ప్రస్థానం అంటే వెనక్కి చూడకూడదనే నియమంతో బయల్దేరిన నడక. కానీ పిన్ని ఫోన్ పెట్టేశాక చదివితే వేరేలా వినిపించింది. భీముడు అడిగింది ఏడుపు. ధర్మరాజు ఇచ్చింది జవాబు. నేను పిన్నికి చేసింది అదే కదా.

ఇక స్వర్గారోహణ పర్వం. ధర్మరాజు కుక్కని వదలకుండా, ఆ పరీక్షా నెగ్గి, శరీరంతోనే స్వర్గానికి వెళ్తాడు. అక్కడ మొట్టమొదట కనిపించింది ఎవరు? దుర్యోధనుడు. మెరిసిపోతూ సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. తమ్ముళ్ళు లేరు, ద్రౌపది లేదు. ఈ ఒక్క సీను చాలు, నేటి ఫ్యాన్స్ అయితే టీవీ పగలగొట్టేవాళ్ళు. నారదుడు సర్దిచెబుతాడు, యుద్ధంలో క్షత్రియధర్మంతో పోయాడు, ఇక్కడ పగలుండవు అని. ధర్మరాజు వినడు. నా వాళ్ళు ఎక్కడుంటే అదే నాకు స్వర్గం, అక్కడికి తీసుకెళ్ళండి అంటాడు.

దేవదూత ఒకడు దారి చూపిస్తాడు. చీకటి, దుర్గంధం, శవాలు, ఈగలు. తట్టుకోలేక ధర్మరాజు వెనక్కి తిరుగుతాడు. అప్పుడు గొంతులు వినిపిస్తాయి. కొంచెంసేపు ఆగు, నువ్వు వస్తే చల్లగాలి వచ్చింది, మాకు హాయిగా ఉంది అని. మీరెవరు అంటే, నేను కర్ణుణ్ణి, నేను భీముణ్ణి, నేను అర్జునుణ్ణి, నేను ద్రౌపదిని అని ఒక్కొక్కరే చెబుతారు.

అక్కడ ధర్మరాజు అనుకున్న మాట చూడండి. వీళ్ళు ఏం పాపం చేశారు? ఈ పుణ్యాత్ములు చేసిన దుష్కర్మ ఏదీ నాకు తెలియదే! అని.

కొద్దిసేపటి క్రితం కొండ మీద ఒక్కొక్కరికీ ఒక్కో తప్పు పేరుపెట్టి చెప్పినవాడు ఈయనే. అక్షరాలా ఈయనే. ఇప్పుడు, అదే మనుషుల గొంతులు చీకట్లో వింటూ, నాకు ఏ తప్పూ తెలియదు అంటున్నాడు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి నేను ఎప్పుడూ చదవలేదు. ఎవరైనా ప్రవచనంలో కలిపి చెప్పగా వినలేదు కూడా, నా అదృష్టం బాగోక కావచ్చు. ఆ తర్వాత ధర్మరాజు దేవతల మీద, ధర్మం మీద కూడా కోప్పడతాడు. దూతని వెళ్ళిపొమ్మంటాడు, నేను ఇక్కడే ఉంటాను, నేనుంటే వీళ్ళకి ఉపశమనంగా ఉంది అని చెప్పు అంటాడు. కారణం తెలిశాక ఉండిపోలేదు, గమనించండి. తెలియకుండానే ఉండిపోయాడు.

ఇంద్రుడు, ధర్మదేవత వచ్చి అంతా వివరించేది ఆ తర్వాతే. నరకం మాయమవుతుంది. ద్రోణుడి విషయంలో ఆడిన ఆ మోసపు మాటకి నీకు ఇలా మాయతోనే నరకం చూపించాం, రాజన్నవాడు ఎవరైనా ఒకసారి చూడాల్సిందే, నీ వాళ్ళూ అలాగే చూశారు అంటారు. అంటే లెక్క లేదని భారతం అనట్లేదు. లెక్క ఉంది. కర్మఫలం ఉంది. నాస్తికుల మాట ఇక్కడ నేను చెప్పట్లేదు. కానీ ఆ లెక్క విప్పింది ఎవరు? దేవతలు. విన్నది ఎవరు? ఆ లెక్క ఎవరిదో అతనే. పక్కింటివాడి చావు చూసి వాడి ఖాతా పుస్తకం తెరిచే అధికారం మనకి ఎవరిచ్చారు? గీతలో నాలుగో అధ్యాయంలో కర్మ పోకడ చాలా లోతైనది, అందడం కష్టం అని చెప్పింది సాక్షాత్తూ భగవంతుడు. ఆయన కష్టం అన్నదాన్ని మనం ఫోన్లో ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాం.

ఇక్కడ మీలో కొందరికి ఒక డౌట్ రావాలి. మన సంప్రదాయంలో చావు తీరుకి విలువ ఉంది కదా, అనాయాస మరణం కోరుకుంటాం కదా, అంత్యకాలంలో దేన్ని తలుచుకుంటే దాన్నే పొందుతాం అని గీత ఎనిమిదో అధ్యాయం చెబుతోంది కదా? నిజమే. కానీ అనాయాస మరణం మనం దేవుణ్ణి అడిగే వరం. అడిగి తెచ్చుకునేదాన్ని మార్కుల షీటు చేసి ఇంకొకడి చేతిలో పెట్టలేం. ఇక అంత్యకాల స్మరణ సంగతి. అక్కడ లెక్కలోకొచ్చేది పోయేవాడి మనసులో ఉన్నది. చుట్టూ ఎంతమంది ఉన్నారు, బాణం తగిలిందా, చువ్వ గుచ్చుకుందా, వెంటిలేటర్ మీద ఉన్నాడా అన్నది కాదు. ఆ మనసు బయటివాళ్ళకి కనిపించదు. మా బాబాయ్ ఆఖరి నిమిషంలో ఏం తలుచుకున్నాడో ఆ వార్డులో ఎవరికీ తెలీదు.

చక్ సంగతి కూడా ఒకటి చెప్పాలి. దేవుడే మన కష్టాలు రాసి వినోదం చూస్తున్నాడు అనే అనుమానం అమెరికన్ రచయితలకి కొత్తగా రాలేదు. ఒకడికి సుఖం, ఒకడికి దుఃఖం ఇచ్చే ఈశ్వరుడు పక్షపాతి, దయలేనివాడు అవుతాడు కదా అనే ప్రశ్న బ్రహ్మసూత్రాల్లోనే ఉంది. రెండో అధ్యాయం మొదటి పాదంలో. దానికి శంకరాచార్యులు తన భాష్యంలో వానని ఉదాహరణ చూపిస్తారు. వాన అందరి మీదా ఒకేలా కురుస్తుంది, వరి వరిగా, యవలు యవలుగా మొలవడం ఆయా విత్తనాల వల్ల. అలాగే తేడాలు ప్రాణుల కర్మల వల్ల. జాక్ వాన చినుకుల్లో ఉంటానన్నప్పుడు నాకు ఠక్కున ఇదే గుర్తొచ్చింది. ఇప్పుడు చూడండి, కర్మ అనే మాట అక్కడ ఎందుకొచ్చింది? దేవుడు క్రూరుడు కాదు అని చెప్పడానికి. అదే మాటని మనం తీసుకొచ్చి, పోయినవాడే ఏదో చేసుంటాడు అని ఏడుస్తున్న భార్యకి చెప్పడానికి వాడుతున్నాం. ఈశ్వరుణ్ణి నింద నుంచి కాపాడే మాట ఇంటింటా పోయినవాళ్ళ మీద నిందగా మారిపోయింది.

నాకు కష్టమొస్తే "ఇది నా ప్రారబ్ధం, అనుభవించి దాటేస్తాను" అనుకోవచ్చు. అది బలం ఇస్తుంది, నేనూ అనుకున్నాను. అదే వాక్యంలో "నా" తీసి "నీ" పెట్టండి. శాస్త్రం మారలేదు, మాట మాత్రం రాయి అయిపోయింది.

మళ్ళీ ఆ కొట్టం దగ్గరికి వెళ్దాం. రెండో పక్షం తర్కం నాకు ఎందుకు పనికిరాలేదో ఇప్పుడు చెప్పగలను. "స్క్రిప్టు లేనప్పుడు చావు ఇలాగే ఉంటుంది" అన్నది కూడా ఒక కారణమే. ధర్మరాజు కొండ మీద చెప్పినట్టు. మొదటి పక్షం సరైన కారణం లేదని గొడవ పెడుతోంది, రెండో పక్షం ఇదుగో కారణం అంటోంది. ఇద్దరూ చువ్వ వైపే చూస్తున్నారు. ఆ సీను నిడివిలో మాత్రం ఎక్కువభాగం చువ్వ గురించి కాదు. చువ్వ దిగింది రెండు సెకన్లు. ఆ తర్వాత చాలా నిమిషాలు తమ్ముడు అక్కడే నిలబడి ఉన్నాడు. అంబులెన్స్ కోసం పరిగెత్తబోతే డీన్ వద్దంటాడు, నా దగ్గరే ఉండు అంటాడు. మళ్ళీ నన్ను బతికించడానికి ఏ బేరాలూ పెట్టుకోకు అని మాట తీసుకుంటాడు. ఫర్వాలేదు అని నువ్వు చెబితేగాని నేను వెళ్ళలేను అన్నట్టు అడుగుతాడు. సామ్‌కి గొంతు రాదు. చాలాసేపటికి చెబుతాడు, ఇక వెళ్ళొచ్చని. ఎందుకిలా జరిగింది అని అన్న అడగలేదు, తమ్ముడు చెప్పలేదు. కొన్నేళ్ళ తర్వాత ముసలి సామ్ మంచం మీద ఉన్నప్పుడు, డీన్ అనే పేరే పెట్టుకున్న అతని కొడుకు కూడా ఆ మాటే చెప్పి పంపిస్తాడు.

చెబితే కోపమొస్తుందేమో గానీ, కొండ మీది ధర్మరాజు కన్నా ఈ సామ్ నాకు ఎక్కువ నచ్చాడు. నరకంలో నిలబడిపోయిన ధర్మరాజు మాత్రం ఇద్దరికంటే పెద్దవాడు. ఎందుకంటే అక్కడికి చేరడానికి తను చెప్పిన కారణాలన్నిటినీ తనే వదులుకోవలసి వచ్చింది.

డీన్‌ని సామ్ దహనం చేస్తాడు. ఆ వేటగాళ్ళ ఆచారం అది, కట్టెలు పేర్చి కాలుస్తారు. అమెరికన్ సీరియల్లో చితి చూడటం మనకి వింతగా, దగ్గరగా ఉంటుంది. ఎన్నో ప్రాణాలు కాపాడినవాడి చితి పక్కన ఒక్కడే మనిషి. మొదటిసారి చూసినప్పుడు "కోవిడ్ కదా, జనాన్ని పెట్టలేకపోయారు" అనుకుని ముందుకెళ్ళిపోయాను. ఆరు నెలల తర్వాత మా తమ్ముడు అలాగే నిలబడ్డాడు.

పోయిన వేసవిలో రాజమండ్రి వెళ్ళినప్పుడు పిన్నికి సారీ చెప్పాను. ఎందుకో ఆవిడకి వెంటనే అర్థమైంది, "అప్పుడు అందరూ అదే అన్నార్లే" అంది. బాబాయ్ అస్థికలు కలిపిన కోటిలింగాల రేవుకి సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. మెట్ల మీద కూర్చుని ధర్మరాజు కథ చెప్పాను, చీకట్లో గొంతులు, అక్కడే ఉండిపోవడం, అంతా. ఆవిడకి తెలిసిన కథే, అయినా విన్నది. ఆ ఊపులో ఈ సీరియల్ గురించి కూడా చెప్పాను. దెయ్యాలు, కారు, దేవుడు విలన్ అవ్వడం అవీ పెద్దగా పట్టించుకోలేదు. చువ్వ దగ్గర "అయ్యో" అంది. చితి దగ్గరికొచ్చేసరికి ఆపింది.

"ఒక్కడేనా? పక్కన ఎవరూ లేరా?"

"కుక్క ఉంది పిన్నీ. ఆ డీన్ పెంచుకున్నదే."

"పోన్లే," అంది. "అదైనా ఉంది."